బ్యాకప్పు మనది, తాళంచెవి వాళ్ళది

బ్యాకప్పు సాఫ్టువేరుకి ఆన్‌లైన్ యాక్టివేషన్ తప్పనిసరి చెయ్యడం అంటే ఫైరింజనుకి ఓటీపీ పెట్టడం. ఇల్లు తగలబడుతుంటే గంట కొట్టుకుంటూ వచ్చి, పైపు చేత్తో పట్టుకుని నిలబడి, "సార్, మీ ఫోనుకి ఆరంకెలు వచ్చుంటాయి, కాస్త చెప్తారా" అన్నట్టు. ఫోను లోపలే ఉంది నాయనా, ఇంటితో పాటు అదీ కాలుతోంది!

మాట ఘాటుగా ఉందని మొదట్లోనే ముఖం తిప్పుకోకండి. నేనూ సాఫ్టువేరు రాసుకుని బతికేవాణ్ణే. లైసెన్సులు అమ్ముడైతేనే జీతాలొస్తాయని నాకూ తెలుసు. యాక్టివేషన్ అనే మాట వినగానే ఒంటికాలి మీద లేచే రకం కాదు. ఆటలకి పెట్టుకోండి, ఫొటోలు దిద్దే సాఫ్టువేర్లకి పెట్టుకోండి, ఆ గొడవలు వేరే. నాది చాలా చిన్న గొడవ. ఒక్క వాక్యంలో చెప్పేస్తాను. బ్యాకప్పు తీసే వైపు ఎన్ని తాళాలైనా వేసుకోండి, తిరిగి తెచ్చుకునే వైపు, అంటే రిస్టోర్ వైపు, ఒక్క తాళం కూడా ఉండకూడదు.

ఇందులో వాదించడానికేముంది, ఎవరైనా ఒప్పుకునేదేగా అంటారా? అందరూ ఒప్పుకునేదే అయితే కొత్త మిషను మీద పెట్టగానే "ముందు ఇంటర్నెట్టుకి కలపండి" అని అడిగే బ్యాకప్పు సాఫ్టువేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఎవరో ఒకరు కూర్చుని ఆ కోడు రాశారు కదా. ఆ ఎవరో ఒకరు మనలో వాళ్ళే అయ్యుండొచ్చు కూడా.

అసలీ యాక్టివేషన్ దేన్ని చూస్తుంది?

తెలిసిన సంగతే అయినా ఒకసారి చెప్పుకుందాం. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ఈ పద్ధతి ఇంటింటికీ పరిచయమయింది. మీరు కొన్న కీ ఒకటి, మీ కంప్యూటరు వేలిముద్ర ఒకటి. వేలిముద్ర అంటే ప్రాసెసరు, మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు లాంటి వాటి గుర్తులన్నీ కలిపి నూరిన ఒక అంకె. ఈ రెండూ కంపెనీ సర్వరుకి వెళ్తాయి. "ఈ కీ ఈ మిషనుదే" అని సర్వరు ఒక సంతకం పెట్టి పంపుతుంది. రేపు వేలిముద్ర మారితే సాఫ్టువేరుకి అనుమానమొస్తుంది, మళ్ళీ సర్వరుని అడుగుతుంది. ఒకే కీని పదిమంది పంచుకోకుండా ఆపడానికి ఇదొక ఉపాయం. అంతవరకూ బాగానే ఉంది.

ఇప్పుడు రిస్టోర్ ఎప్పుడు చేస్తామో ఆలోచించండి. డిస్కు పోయినప్పుడు, మదర్‌బోర్డు మాడినప్పుడు, ల్యాప్‌టాపు దొంగలెత్తుకెళ్ళినప్పుడు, ఆఫీసులోకి నీళ్ళొచ్చినప్పుడు. అంటే దాదాపు ప్రతిసారీ వేలిముద్ర మారిన కంప్యూటరు మీదే. యాక్టివేషన్ దేన్ని చూసి అనుమానించాలో, రిస్టోరుకి అదే మామూలు పరిస్థితి. దొంగని పట్టుకోవడానికి రాసుకున్న ఆనవాళ్ళు బాధితుడికి అచ్చుగుద్దినట్టు సరిపోతాయన్నమాట. ఇది అమలులో జరిగిన పొరపాటు కాదు, ఆ పద్ధతిని ఈ పనికి వాడటమే తప్పు.

దీనికి తోడు ఇంకో తమాషా ఉంది. "కీ మరో కంప్యూటరులో వాడుకలో ఉంది, అక్కడ డీయాక్టివేట్ చేసి మళ్ళీ ప్రయత్నించండి" అంటుంది. అక్కడ అంటే ఎక్కడ? ఆ కంప్యూటరు పోయిందనే కదా ఈ తిప్పలు! పోయినవాడి సంతకం తెస్తేనే మరణ ధృవీకరణ పత్రం ఇస్తామన్నట్టు.

ఈ విషయంలో విండోసే నయం. విండోస్ 10, 11 యాక్టివేట్ కాకపోతే తెర మూలన ఒక నీటిగుర్తు వేస్తాయి, వాల్‌పేపరు లాంటి సోకులు మార్చుకోనివ్వవు, అంతే. మీ ఫైళ్ళు మీరు తెరుచుకోవచ్చు, కాపీ చేసుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమే మీ డేటాకి అడ్డం నిలబడనప్పుడు, డేటాని కాపాడతానని డబ్బులు తీసుకున్నది అడ్డం నిలబడటమేంటి?

కుల్చారంలో ఒక ఉద్దెర ఖాతా

మాది కుల్చారం. మెదక్ దగ్గర. పేపర్లలో కొల్చారం అని కూడా రాస్తారు, ఎలా రాసినా ఊరొకటే. మా చిన్నాయన కొడుక్కి అక్కడ ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. దుకాణం అంటే నాలుగు బస్తాలు కాదు, అసలు ఆస్తి ఉద్దెర ఖాతా. నాట్ల ముందు రైతు బస్తాలు తీసుకెళ్తాడు, పంట అమ్మాక కడతాడు. ఎవరి పేర ఎంతుందో ఆ లెక్కంతా కంప్యూటరులో. తమ్ముడు జాగ్రత్త గల మనిషి. డబ్బులు పెట్టి, బిల్లు తీసుకుని, అసలు లైసెన్సుతో బ్యాకప్పు సాఫ్టువేరు కొన్నాడు. రోజూ రాత్రి షట్టరు దించే ముందు బయటి హార్డు డిస్కుకి బ్యాకప్పు తీసేవాడు. మనం కాన్ఫరెన్సు రూముల్లో స్లైడులేసి చెప్పే మంచి అలవాట్లన్నీ అతను చెప్పించుకోకుండానే చేశాడు.

ఒక వానాకాలం ఓల్టేజి ఎగిరి కంప్యూటరు మాడిపోయింది. కంగారేం పడలేదు, బ్యాకప్పు ఉందిగా. మెదక్ వెళ్ళి ఒక పాత కంప్యూటరు కొన్నాడు, రెస్క్యూ పెన్‌డ్రైవు పెట్టి బూట్ చేశాడు. తెర మీద యాక్టివేషన్ పెట్టె ప్రత్యక్షం. ఆ రెస్క్యూ వాతావరణంలో వైఫై డ్రైవరు లేదు. ఫోనుని కేబుల్‌తో కలిపితే గుర్తుపట్టలేదు. నాకు ఫోను చేశాడు.

"అన్నా, పైసలు కట్టి కొన్న గదా. మళ్ల నన్నే నువ్వెవలని అడుగుతున్నదేంది? డబ్బ నా ముంగటనే ఉన్నది, లోపలున్నది నా లెక్కనే, అయినా ఇయ్యదంట."

సమస్యని ఇంతకంటే బాగా ఏ ఆర్కిటెక్టూ నాకు చెప్పలేదు.

శనివారం నేనే ఒక చిన్న రౌటరు, ల్యాన్ కేబులు పట్టుకుని వెళ్ళాను. హాట్‌స్పాటుని రౌటరుకి, రౌటరుని కంప్యూటరుకి కలిపి ఎలాగో నెట్టు తెప్పించాం. అప్పుడు పైన చెప్పిన రెండో పెట్టె వచ్చింది. కీ ఇప్పటికే వాడుకలో ఉంది, పాత కంప్యూటరులో డీయాక్టివేట్ చెయ్యండి. సపోర్టుకి మెయిల్ పెడితే, పనిదినాల్లో జవాబిస్తామని తిరుగు మెయిలొచ్చింది. కీ రీసెట్ అయ్యేసరికి మంగళవారం. ఆ తర్వాత రిస్టోర్ ఎంతసేపు పట్టిందో తెలుసా? గంట కూడా పట్టలేదు. ఒక్క పైసా లెక్క పోలేదు. అంటే బ్యాకప్పు దాని పని అది నూటికి నూరుపాళ్ళు చేసింది. ఆపింది పక్కన నిలబెట్టిన కాపలాదారు.

ఈ మధ్యలో దుకాణానికి వచ్చిన రైతులకి "నీది ఎంతుందో తర్వాత చెప్తా" అని చెప్పుకుంటూ కూర్చున్నాడు మావాడు. ఊళ్ళో ఉద్దెర అంటే నమ్మకం. ఖాతా చూపించలేని దుకాణదారుని మీద ఒకసారి అనుమానమొస్తే మళ్ళీ పోగొట్టుకోవడానికి ఎన్ని సీజన్లు పడుతుందో లైసెన్సు ఒప్పందంలో ఎక్కడా రాసుండదు. కంపెనీ పేరు చెప్పను. ఒక కంపెనీని తిట్టి చేతులు దులుపుకుంటే సరిపోయే విషయం కాదిది, గొడవంతా పద్ధతితోనే.

"ఈ కాలంలో నెట్టు లేనిదెక్కడ?"

ఈ మాట హైటెక్ సిటీలో రెండు బ్రాడ్‌బ్యాండు కనెక్షన్ల మధ్య కూర్చుని అనడం తేలిక. నెట్టు లేకపోవడం, డేటా పోవడం రెండూ వేరువేరు ప్రమాదాలని మనం అనుకుంటాం. కాదు, అవి కవలపిల్లలు. చాలాసార్లు కలిసే పుడతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడ్డప్పుడు ఏమయింది? కరెంటు పోయింది, టవర్లు మూగబోయాయి, రోజుల తరబడి ఫోన్లు కలవలేదు. తడిసి పాడైన కంప్యూటర్ల స్థానంలో కొత్తవి పెట్టుకోవాల్సింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. 2025 ఆగస్టు చివర్లో మా మెదక్ జిల్లాలోనూ, పక్కన కామారెడ్డిలోనూ కుండపోతగా కురిసి రోడ్లు తెగాయి, రైళ్ళు ఆగాయి. మంజీర పొంగితే ఏడుపాయల వనదుర్గమ్మ గుడి నీళ్ళలో ఉండటం మా వైపు చూసిన దృశ్యమే. అలాంటి రోజున సర్వరు అనుమతి కోసం ఎవరు ఏ టవరు దగ్గరకి పరిగెత్తాలి?

ప్రకృతి సంగతి సరే, ప్రభుత్వాలు ఉన్నాయి. 2022 మే 24న జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో ఇంటర్నెట్టు రోజుల తరబడి ఆపేశారు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసుకుంటున్న మన ఐటీ జనం సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ ఊళ్ళు దాటారు. ఆ వారంలో ఎవరి డిస్కన్నా పోయుంటే?

వీటన్నిటికంటే గట్టి ఉదాహరణ ర్యాన్సమ్‌వేర్. 2017 మేలో వాన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లకీ సోకింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద దాడి జరిగితే రోజుల తరబడి ఆస్పత్రి పనులు కాగితాల మీద నడిపారు. ఇలాంటి దాడి జరిగితే మొట్టమొదట చెయ్యమని ఎవరైనా చెప్పేదేంటి? నెట్‌వర్క్ కేబులు పీకెయ్యమని. శుభ్రం చేసి, రిస్టోర్ చేసి, అంతా సరిగ్గా ఉందని తేలాకే మళ్ళీ నెట్టుకి కలపమని. అంటే భద్రత నియమం "నెట్టు తీసెయ్" అంటుంది, బ్యాకప్పు సాఫ్టువేరు "నెట్టు పెట్టు" అంటుంది. ఇద్దరి మాటా వినాలంటే ఆ సిస్టమ్ అడ్మిన్ ఏ గోడకి తల బాదుకోవాలి?

సర్వరుకీ ఆయుష్షు ఉంటుంది

నెట్టు ఉంది, బ్రహ్మాండంగా ఉంది అనుకుందాం. అవతల సర్వరు ఉండాలి కదా!

అడోబీ క్రియేటివ్ సూట్ 2 వచ్చింది 2005లో. 2013 మొదటికల్లా దాని యాక్టివేషన్ సర్వర్లు మూసేశారు. అడోబీని ఇక్కడ మెచ్చుకోవాలి, కొన్నవాళ్ళ కోసం యాక్టివేషన్ అక్కర్లేని ప్రతిని అందుబాటులో పెట్టింది. అలా పెట్టాలని రూలేమీ లేదు, పెట్టింది కాబట్టి బతికిపోయారు. 2008లో మైక్రోసాఫ్టు తన ఎంఎస్ఎన్ మ్యూజిక్ లైసెన్సు సర్వర్లు ఆపేస్తానని ప్రకటించింది. అంటే డబ్బులిచ్చి కొన్న పాటలు కొత్త కంప్యూటరుకి మార్చుకోలేరు. జనం గోల చేస్తే గడువు పొడిగించింది. అదే మైక్రోసాఫ్టు 2019లో తన ఈ-బుక్ దుకాణం మూసి, కొన్న పుస్తకాలు వెనక్కి తీసుకుని డబ్బులు తిరిగిచ్చింది. పాటకి, పుస్తకానికి డబ్బులు తిరిగిస్తే సరిపోతుందేమో. పదేళ్ళ లెక్కల పుస్తకానికి ఎంత తిరిగిస్తారు?

సర్వరు చచ్చిపోనక్కర్లేదు, కునుకు తీసినా చాలు. 2014 మేలో అడోబీ లాగిన్ సేవ ఒక రోజుకి పైగా పడిపోతే ప్రపంచమంతా డబ్బులు కట్టినవాళ్ళు చేతులు కట్టుకు కూర్చున్నారు. ఇక బ్యాకప్పు రంగంలోనే చూస్తే, క్రాష్‌ప్లాన్ ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళ సేవని ఆపేస్తున్నట్టు 2017లో ప్రకటించి 2018లో మూసేసింది. ముందుగా చెప్పి, గడువిచ్చి మూసింది, తప్పు పట్టలేం. కానీ సంగతి అర్థమవుతోందిగా? కంపెనీ దివాలా తీయనక్కర్లేదు, వ్యాపారం మనసు మార్చుకుంటే చాలు.

"మాది పెద్ద కంపెనీ ఒప్పందం, మాకేం కాదు" అనేవాళ్ళకి నయారా ఎనర్జీ కథ. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షలు పెట్టగానే, మన దేశంలో నూనె శుద్ధి చేసే ఈ సంస్థకి మైక్రోసాఫ్టు తన సేవలు ఆపేసింది. ఢిల్లీ హైకోర్టు గడప తొక్కాక కొద్ది రోజుల్లో తిరిగిచ్చింది. ఆంక్షల మంచిచెడ్డలు వేరే చర్చ. డబ్బు కట్టిన లైసెన్సు చేతిలో ఉండగానే, ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో ఇక్కడ తలుపు మూసుకుపోవచ్చు అన్నదే నా పాయింటు. వాళ్ళకి లాయర్లున్నారు. ఎరువుల దుకాణానికి ఎవరున్నారు?

పైగా చిన్నచిన్న మేకులు. కొత్తగా బిగించిన మదర్‌బోర్డులో బ్యాటరీ అయిపోయుంటే గడియారం ఏ పాత సంవత్సరంలోనో ఉంటుంది, సర్టిఫికెట్టు చెల్లదని సర్వరుతో మాటే కలవదు. 2021 సెప్టెంబరు 30న లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడే పాత రూట్ సర్టిఫికెట్టు గడువు తీరగానే, అప్‌డేట్లు లేని ఎన్నో పాత పరికరాలు కొన్ని సైట్లని గుర్తుపట్టడం మానేశాయి. అయిదేళ్ళ నాడు తయారు చేసి బీరువాలో దాచిన రెస్క్యూ పెన్‌డ్రైవు కూడా పాత పరికరమే. సర్వరు బాగానే ఉంటుంది, నెట్టూ బాగానే ఉంటుంది, ఇద్దరికీ మాటలు కలవవు. బ్యాకప్పు అన్నది ఇవాళ్టి కోసం తీసేది కాదు. ఎన్నేళ్ళ తర్వాత అవసరపడుతుందో తెలియదు కాబట్టే తీస్తాం. ఆ "ఎన్నేళ్ళో తర్వాత" వచ్చినప్పుడు ఇవాళ్టి సర్వరు ఉండాలని షరతు పెడితే దాన్ని బ్యాకప్పు అనకూడదు, అద్దె గది అనాలి.

మరి దొంగ కాపీల సంగతో?

వస్తున్నా. ఇదే అవతలివాళ్ళ బలమైన వాదన, కాదనను. మన దగ్గర ఒకప్పుడు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో, అమీర్‌పేటలో లక్షల విలువైన సాఫ్టువేరు సీడీకి ఎక్కించి బిర్యానీ ఖరీదుకి ఇచ్చేవాళ్ళు. మనలో చాలామంది చదువులు ఆ సీడీల మీదే సాగాయి. చిన్న కంపెనీ రాత్రింబవళ్ళు కష్టపడి చేసిన సరుకుని అలా పంచితే అన్యాయమే.

కానీ లెక్క చూడండి. క్రాక్ చేసిన కాపీలో యాక్టివేషన్ కోడే తీసేసి ఉంటుంది. అంటే ఆపద వచ్చిన రోజున దొంగ కాపీ వాడు నెట్టు లేకుండా రిస్టోర్ చేసుకుంటాడు, బిల్లు దగ్గర పెట్టుకున్నవాడు మెయిలు కోసం ఎదురుచూస్తాడు. నిజాయితీకి మనం ఇచ్చే బహుమానం ఇదా? క్రాక్ కాపీ వాడండని చెప్పడం లేదు, అందులో ఏ వైరస్ కలిపారో పెరుమాళ్ళకెరుక. తాళం ఎవరి మీద పడుతోందో చూడమంటున్నాను, అంతే.

ఇంకో మాట. రిస్టోర్ ఉచితంగా వదిలేస్తే కంపెనీకి పోయేదేంటి? రిస్టోర్ చెయ్యాలంటే ముందు బ్యాకప్పు తీసుండాలి. బ్యాకప్పు తియ్యాలంటే లైసెన్సు కొనుండాలి. డబ్బు అప్పుడే చేరిపోయింది. రోజూ నడిచేది, కొత్త హంగులు వచ్చేది, అమ్ముకోదగ్గది బ్యాకప్పు తీసే వైపే. అక్కడ యాక్టివేషన్ పెట్టుకోండి, ఏటేటా చందా వసూలు చేసుకోండి. తెరిచే వైపు తాళం పెట్టి సంపాదించేది సున్న, పోగొట్టుకునేది నమ్మకం.

కొందరు ఎన్‌క్రిప్షన్‌తో ముడిపెడతారు. "భద్రత కోసమేనండీ తాళం" అని. అది వేరు, ఇది వేరు. నా డేటాకి నేను పాస్‌వర్డు పెట్టుకుంటే తాళంచెవి నా దగ్గరుంటుంది. మరిచిపోతే తప్పు నాది. యాక్టివేషన్ తాళంచెవి నాకెప్పుడూ ఇవ్వరు, ప్రతిసారీ అడుక్కోవాలి.

తెలుగువాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు

దాచుకున్నది ఉండటం వేరు, చదవగలగడం వేరు. ఈ తేడా మనకంటే బాగా ఎవరికి తెలుసు? యూనికోడు పుంజుకోక ముందు మన పత్రికల సైట్లన్నీ ఎవరి ఫాంటు వాళ్ళదిగా ఉండేవి. ఫాంటు లేకపోతే తెర మీద పిచ్చి గీతలు. పేజ్‌మేకరులో, అను ఫాంట్లలో కంపోజు చేసిన తెలుగు పుస్తకాల ఫైళ్ళు ఎంతోమంది దగ్గర మూలుగుతున్నాయి. ఫైలు భద్రంగా ఉంటుంది, అక్షరం బయటికి రాదు. అయినా వాటిని కొంతలో కొంత ఎలా కాపాడుకోగలిగాం? "పద్మ" అనే ఫైర్‌ఫాక్సు పొడిగింత గుర్తుందా? ఈనాడు లాంటి సైట్ల పాత సంకేతాలని యూనికోడులోకి మార్చి చూపించేది. అది ఎవరి అనుమతీ అడగలేదు. బైట్లు కళ్ళెదురుగా ఉన్నాయి, ఏ సంకేతం ఏ అక్షరమో కూర్చుని పోల్చుకుంటే చాలు. అదే ఆ ఫాంట్లు తెరిచిన ప్రతిసారీ సర్వరుని అడిగే రకమైతే పద్మ పుట్టేదే కాదు.

టార్ ఫైలు సంగతి చూడండి. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషనుతో వచ్చింది. ఆనాటి పద్ధతిలో కట్టిన మూటని ఇవాళ్టి లినక్సు కంప్యూటరు కిమ్మనకుండా విప్పుతుంది. తయారు చేసినవాళ్ళు రిటైరయినా, కంపెనీలు చేతులు మారినా దానికేం పట్టలేదు, ఎందుకంటే దాన్ని విప్పడానికి ఎవరినీ పిలవనక్కర్లేదు.

ఊరి అభిమానం అనుకున్నా సరే, ఇంకో ఉదాహరణ చెప్పకుండా ఉండలేను. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన కోలాచలం మల్లినాథసూరిది మా ఊరే అని చెప్తారు. 14-15 శతాబ్దాల నాటివాడు. రఘువంశానికి, కుమారసంభవానికి, మేఘదూతానికి ఆయన రాసిన సంజీవని దగ్గర పెట్టుకునే ఇవాళ్టికీ సంస్కృతం చదువుతారు. అచ్చుయంత్రం ఈ దేశంలో స్థిరపడేలోపు కొన్ని వందల ఏళ్ళు ఆ వ్యాఖ్యలు ఎలా బతికాయి? ఒక తాళపత్రం చెదలు తినేలోపు ఎవరో ఒకరు ఇంకో ప్రతి రాసుకున్నారు. ఒక ఊళ్ళో కాలిపోతే ఇంకో ఊళ్ళో ఉంది. ప్రతి రాసుకునేవాడు కుల్చారం వచ్చి మల్లినాథుడి ముద్ర వేయించుకోవాలని నియమం ఉండుంటే, ఆయనతోనే అవి కూడా పోయేవి. అక్షరం చదవగలిగితే చాలు, ఎవరైనా తెరవొచ్చు, ఎవరైనా తిరగరాసుకోవచ్చు. మనకి తెలిసిన అతి పాత బ్యాకప్పు పద్ధతి ఇదే, ఇంతవరకూ దాన్ని మించింది రాలేదు.

సరే, ఏం చెయ్యమంటావు?

తిట్టడం అయింది, ఇక పని. ముందు, ఇలాంటి సాఫ్టువేరు తయారుచేసే జట్లలో ఉన్నవాళ్ళకి.

ఒకటి. రిస్టోరుని విడి ప్రోగ్రాముగా, ఏ కీ అడగకుండా ఇవ్వండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. వీమ్ వాళ్ళు బ్యాకప్పు ఫైళ్ళ నుంచి డేటా బయటికి తీసే ఒక ఎక్స్‌ట్రాక్ట్ పనిముట్టుని విడిగా ఇస్తున్నారు. వాళ్ళ వ్యాపారానికి దీనివల్ల ఏమీ కాలేదు.

రెండు. లైసెన్సు చూడాలనే ఉంటే సంతకం చేసిన లైసెన్సు ఫైలు ఇవ్వండి. మీ ప్రైవేట్ కీతో సంతకం, సాఫ్టువేరులో పబ్లిక్ కీ. సంతకం సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఇంటర్నెట్టు అక్కర్లేదు, ఇది క్రిప్టోగ్రఫీ మొదటి పాఠం. ఎక్స్‌పీ రోజుల్లోనే ఫోనులో బారెడు అంకెలు చదివి యాక్టివేట్ చేసుకునే దారి ఉండేది. అంతకన్నా వెనక్కి పోతామా?

మూడు. మీ బ్యాకప్పు ఫైలు లోపల ఏది ఎక్కడుంటుందో రాసి అందరికీ ఇవ్వండి. రెస్టిక్, బోర్గ్ లాంటి ఓపెన్ సోర్స్ పనిముట్లు ఇస్తున్నాయి. మీరు మూతబడినా, ఇంకొకరు కూర్చుని విప్పగలగాలి.

నాలుగు. డిజైన్ సమీక్షలో ఒక ప్రశ్న అడగండి. "మన కంపెనీ రేపు లేకపోతే, మన కస్టమరు తన ఫైలు తెరవగలడా?" జవాబు లేకుండా ఆ ఫీచరుకి సంతకం పెట్టకండి. టికెట్టులో ఉంది కాబట్టి రాశాను అనకండి. ఆ టికెట్టుకి అవతల ఎక్కడో ఒక దుకాణంలో షట్టరు సగం ఎత్తి కూర్చున్న మనిషి ఉంటాడు.

ఇక కొనేవాళ్ళకి, ఆఫీసుల్లో కొనిపించేవాళ్ళకి. కొటేషను తెప్పించుకునేటప్పుడు ధర, స్పీడు అడిగినట్టే ఇదీ రాతపూర్వకంగా అడగండి. నెట్టు లేకుండా, వేరే కంప్యూటరు మీద, లైసెన్సు గడువు తీరాక రిస్టోర్ అవుతుందా? మూడిట్లో దేనికి నీళ్ళు నమిలినా పక్క కంపెనీని పిలవండి. ఇప్పటికే కొనేసి ఉంటే, ముఖ్యమైన ఫైళ్ళని మామూలు కాపీగా, ఏ ప్రత్యేక సాఫ్టువేరూ అక్కర్లేని రూపంలో ఇంకో డిస్కులో కూడా పెట్టుకోండి. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం మీకు తెలిసిందే. మూడు ప్రతులు, రెండు రకాల చోట్లు, ఒకటి ఇంటి బయట. దానికి నేనొక సున్న కలుపుతాను. తెరవడానికి కావలసిన అనుమతులు: సున్న.

ఇదంతా చాదస్తం అనిపిస్తే వాదించను, ఒక్క పరీక్ష చెయ్యండి. ఈ ఆదివారం మీ బ్యాకప్పు డిస్కు తీసుకుని, ఇంట్లో మూల పడేసిన ఏదో ఒక పాత ల్యాప్‌టాపుకి పెట్టండి. వైఫై ఆపండి, ఫోను పక్క గదిలో పెట్టండి. ఇప్పుడు మీ పిల్లల ఫొటో ఒకటి, పన్ను కాగితం ఒకటి వెనక్కి తెచ్చుకోండి. వస్తే సంతోషం, హాయిగా నిద్రపోండి. రాకపోతే ఆ డిస్కులో ఉన్నది మీ బ్యాకప్పు కాదు. మీ డేటాని ఇంకొకళ్ళ దగ్గర తాకట్టు పెట్టి తెచ్చుకున్న రసీదు అది.